మళ్లీ అదే కంపెనీ బండా?

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు మీద అప్పా జంక్షన్ దాటాక మొయినాబాద్, ఇంకా ముందుకు పోతే చేవెళ్ల. తెల్లవారుజామున ఈ రోడ్డు మీద నగరం వైపు పోయే బండ్లలో ఎక్కువ భాగం పూలూ కూరగాయలే: చామంతి, గులాబీ, టమాట, క్యారెట్, ఆకుకూరలు. సరుకు రకరకాలు గానీ బండ్ల రకాలు మాత్రం నాలుగైదుకు మించవు. బొలెరో పికప్, టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్, మధ్యలో ఒక ఐషర్. పొద్దు వాలాక అదే రోడ్డు మీద ఫాంహౌస్‌లకూ ఇంజనీరింగ్ కాలేజీలకూ తిరిగే కార్లను చూడండి, ఏ రెండూ ఒక్క తీరుగా ఉండవు. సరుకు బండి కొనేవాడు ఒక పేరు పట్టుకుంటే విడవడు. కారు కొనేవాడు ఆ పేరు నోటికి అలవాటు కాకముందే ఇంకో షోరూంలో ఉంటాడు. ఈ తేడా మీదే ఇక్కడి పంచాయితీ.

మాట్లాడేది ఇద్దరు. మామ చేవెళ్ల పక్క ఊరి పూల రైతు. తన పూలతో పాటు ఊరివాళ్ల పూలు కూడా గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తోలుతాడు. అల్లుడు మొయినాబాద్‌లో కార్లు కిరాయికి నడుపుతాడు. మనుషులు కల్పితం. వాళ్లు చెప్పే కంపెనీల చరిత్ర కల్పితం కాదు.

అల్లుడు: మామా, మళ్లీ బొలెరోనే బుక్ చేసినవంట. ఇన్ని కంపెనీలున్నయి, ఒక్క దానికన్నా పోయి చూసినవా?

మామ: చూసి ఏం జేస్త? షోరూంల ఉన్నప్పుడు అన్ని బండ్లు మంచిగనే ఉంటయి. నాకు పని షోరూంల మెరిసే బండితోటి కాదు, రాత్రి మూడు గంటలకు మొయినాబాద్ అవతల ఆగిపోయిన బండితోటి. వెనుక బస్తాలల్ల చామంతి ఉంటది. పొద్దెక్కినంక మార్కెట్ల దించితే ఆ పువ్వును అడిగేటోడుండడు. గప్పుడు నేను ఫోన్ చేసేది కంపెనీకా? మెకానిక్‌కు. ఆయన సంచిల డీజిల్ ఫిల్టరు, ఫ్యాన్ బెల్టు, రెండు ఫ్యూజులు, సెల్ఫ్ మోటర్ బ్రష్షులు పెట్టుకొని బైకు మీద వస్తడు. బానెట్ లేపకముందే "ఒకసారి సెల్ఫ్ కొట్టు" అంటడు. చప్పుడు విని ఏం పోయిందో చెప్తడు. వేరే కంపెనీ బండి తెచ్చిననుకో, టార్చిలైట్ పట్టుకొని నా మొకం దిక్కు చూస్తడు.

అల్లుడు: ఇగో, నీ నోటితోటి నువ్వే చెప్పినవ్. నీ నమ్మకం కంపెనీ మీద కాదు, మెకానిక్ మీద. పేరేమో కంపెనీకి పోతున్నది.

మామ: పోనియ్. ఆ మెకానిక్ ఆ బండి పనే ఎందుకు నేర్చుకున్నడు? ఊళ్లల్ల అవే బండ్లు ఉన్నయి గనుక. అవే ఎందుకున్నయి? రిపేరు చేసేటోడున్నడు గనుక.

అల్లుడు: గిట్ల గిర్రున తిప్పితే ఎట్ల? మొదలంటూ ఒకటి ఉండాలె గదా.

మామ: మొదలు జీపు. తాండూరు దిక్కు, పరిగి దిక్కు బస్సు లేని ఊళ్లకు జీపులే తిరిగేటియి. లోపల ఎంతమందో, టాపు మీద అంతమంది. ఆ జీపు చేసిన మహీంద్రా వాళ్లే 2000 సంవత్సరంల బొలెరో తెచ్చిన్రు. జీపు నడిపినోడు దాంట్ల కూసుంటే కొత్తగ అనిపియ్యలే. ఇంక ఫైనాన్స్ సంగతి. కిస్తీలు సక్కగ కట్టిన మనిషినని నా లెక్క ఆడ ఉన్నది. పోయి కూసుంటే చాయ్ తాగేలోపు లోన్ అయితది. కొత్త దగ్గరికి పోతే జమానతు అంటడు, పాస్‌బుక్ అంటడు.

అల్లుడు: పాత ముచ్చట్లు నాకూ తెలుసు, ఇను. 1980లల నాలుగు జపాన్ కంపెనీలు మన దేశంల చిన్న లారీలు చేసుడుకు జోడు కట్టినయి. డీసీఎంతోటి టయోటా, ఐషర్‌తోటి మిత్సుబిషి, స్వరాజ్‌తోటి మాజ్డా, మన హైదరాబాద్ ఆల్విన్‌తోటి నిస్సాన్. ఆల్విన్ అంటే మన సర్కారు కంపెనీ. ఆ ఫ్రిజ్‌లు, ఆ వాచీలు లేని ఇల్లుండేదా? ఆ నిస్సాన్ లారీల ఫ్యాక్టరీ ఏడనో కాదు, మన జహీరాబాద్ల. నీ లెక్క ప్రకారం ఇంటి కంపెనీని మనోళ్లు నెత్తిన పెట్టుకోవాలె. ఏమైంది? 1989ల మహీంద్రా చేతిలకు పోయింది. గిప్పుడు జహీరాబాద్ల ట్రాక్టర్లు చేస్తున్నది కూడ మహీంద్రానే. డీసీఎం టయోటా సంగతి ఇంకా అన్యాలం. 1990లల దేవూ చేతిలకు పోయింది, తర్వాత కొన్నేండ్లకు ఆ దేవూ దుకాణమే మూతబడ్డది. పేపర్ల మాత్రం ఇప్పటికీ "డీసీఎం బోల్తా" అనే రాస్తరు. దగ్గరికి పోయి చూస్తే అది ఐషరో టాటానో అయి ఉంటది.

మామ: మరి డీసీఎంలు ఉన్నోళ్లు ఏమైన్రు? మా దిక్కు అందరు ఐషర్‌లకే మళ్లిన్రు. అదే సైజు, అదే జపాన్ తీరు ఇంజిను, అదే డ్రైవరు. పాతది పోయిందని ఎవ్వడు ఏడ్వలే.

అల్లుడు: గదే నేననేది! అలవాటుకు నువ్వు నమ్మకం అని పేరు పెట్టుకున్నవ్. ఐషర్ అన్నవ్ గదా. ఐషర్ ట్రాక్టర్లను 2005ల టాఫే కొన్నది. ఐషర్ లారీలల్ల 2008 నుంచి వోల్వో వాటా ఉన్నది. పేరొక్కటే, ఓనర్లు వేరు. స్వరాజ్ ట్రాక్టరున్న రైతును అడుగు, "నాకు మహీంద్రా వద్దు, స్వరాజే కావాలె" అంటడు. స్వరాజ్ చేసే పంజాబ్ ట్రాక్టర్స్‌ను 2007లనే మహీంద్రా కొన్నది. ఆ పాత స్వరాజ్ మాజ్డా చేతులు మారి ఎస్‌ఎంఎల్ ఇసుజు అయితే, 2025ల దాన్ని కూడ మహీంద్రానే తీసుకున్నది. నాలుగు జపాన్ జోడీలల్ల రెండు తిరిగి తిరిగి ఒక్క ఇంట్లకే చేరినయి. 2025లనే టాటా వాళ్లు కార్ల కంపెనీ వేరు, లారీల కంపెనీ వేరు చేసిన్రు. ఇగ చెప్పు, నువ్వు కట్టుబడ్డది ఎవరికి? ఓనరుకా, ఫ్యాక్టరీకా, రేకు మీద అక్షరాలకా?

మామ: అక్షరాలకే అనుకో. స్వరాజ్‌ను కొన్నోళ్లు ఆ పేరు ఎందుకు తీసెయ్యలే?

అల్లుడు: తీసేస్తే ఆ రైతు పోతడని.

మామ: అంటే భయం ఉన్నది. కంపెనీకి భయం ఉండుడు నాకు మంచిదా, చెడ్డదా? పేరు ఉన్నోడు ఒక చెడ్డ బండి చేస్తే పది ఊళ్లల్ల ముచ్చట పెడుతరు. పేరు లేనోడు ఈ రోజు అమ్మి రేపు పోతడు, వానికి పోయేదేముంది?

మామ చదువుకున్నది తక్కువే గానీ, ఇక్కడ ఆయన చెప్పింది అసలైన అర్థశాస్త్రం. బండి లోపల ఏం పెట్టారో చేసినవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. లక్ష కిలోమీటర్లు తిరిగితే గానీ బయటపడని లోపాలుంటాయి. అందుకే పేరు అనేది కంపెనీ మన దగ్గర కట్టిన ధరావతు లాంటిది. మోసం చేస్తే అది పోతుంది. అల్లుడు దీన్ని కాదనలేకపోయాడు. కానీ ధరావతు కట్టినవాడు ఊరు విడిచిపోతే ఏమిటన్నది అతని తర్వాతి ప్రశ్న. అది చిన్న ప్రశ్న కాదు.

అల్లుడు: సరే, పేరుంటే భయముంటదంటవ్. షెవర్లే పేరు చిన్నదా? టవేరాలు కొని ఎంతమంది ట్రావెల్స్ నడిపిన్రు! 2017ల మన దేశంల అమ్మకాలు ఆపేసిన్రు. ఫోర్డ్ వాళ్లు 2021 సెప్టెంబర్ల ఈడ కార్లు చేసుడు బంద్ అన్నరు. అమెరికాల అయితే ఫోర్డ్ ఎఫ్ సిరీస్ పికప్‌లు 1977 నుంచి ట్రక్కులల్ల అందరికంటే ముందున్నయి. ఆడ తండ్రి ఫోర్డ్ కొంటే కొడుకు ఫోర్డే కొనే ఇండ్లు ఎన్నో. అంత పేరున్నోడు ఈడ తాళమేసి పోయిండు. పోయేముందు నమ్ముకున్నోళ్లను అడిగి పోయిండా? నీది ఒక దిక్కు నమ్మకం మామా. నువ్వు కట్టుబడ్డవ్, కంపెనీ నీకు కట్టుబడలే.

మామ: అది నిజం. అందుకే నేను కొనేముందు ఆడ మెరుపు చూడ, ఆ కంపెనీ ఎన్నేండ్ల నుంచి ఈడ ఉన్నదో చూస్త. నువ్వేమో ఏ కంపెనీకి కట్టుబడలేదంటవ్. ఎట్ల కొంటవ్ మరి?

అల్లుడు: లెక్క. మైలేజీ ఎంత, కిస్తీ ఎంత, నాలుగేండ్లకు అమ్మితే ఎంత. ఇండికా నడిపిన, ఎతియోస్ నడిపిన, డిజైర్ నడిపిన, ఇప్పుడు ఎర్టిగా. మధ్యల ఒకటి కొత్త కంపెనీది కొని చేతులు కాల్చుకున్న, దాని పేరెందుకు. ఏడ లెక్క కుదిరితే ఆడికి పోత.

మామ: అమ్మితే ఎంత అన్నవ్. ఆ పైసలు ఎవరిస్తరు?

అల్లుడు: కొనేటోడు.

మామ: రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇన్నోవాకు వాడు ఎందుకిస్తడు అన్ని పైసలు?

అల్లుడు: ఇన్నోవా గనుక.

మామ: గదే. "ఇన్నోవా అయితేనే కావాలె" అని మొండికేసి కూసున్నోడు ఉన్నడు గనుక. నువ్వు ఎవ్వరికీ కట్టుబడకపోవచ్చు, కట్టుబడ్డోళ్ల మీదనే నీ లెక్క నడుస్తున్నది. మేము నలుగురం ఒక్క కాడ కదలకుంట ఉంటేనే గదా, తిరిగి తిరిగి వచ్చిన నీ బండికి ధర పలికేది!

ఈ వాదనంతటిలో నాకు బాగా నచ్చిన మాట ఇదే. రీసేల్ విలువను మనం బండి లక్షణంగా చెప్పుకుంటాం, దాని పొడవు వెడల్పుల్లాగా. అది బండిలో లేదు, ఇంకొకరి పట్టుదలలో ఉంది. అమెరికా వెళ్లిన మన పిల్లలు మొదటి కారుగా క్యామ్రీయో అకార్డో వెతుక్కునేదీ ఇందుకే. ముందు వెళ్లినవాడు అదే కొన్నాడు, తర్వాత వచ్చేవాడు అదే అడుగుతాడు, కాబట్టి అమ్ముకుని పోవడం సులువు. ఆ పిల్లవాడికి టయోటా మీద ఏ ప్రేమా ఉండనక్కరలేదు.

అల్లుడు: ఒప్పుకుంటున్న. కానీ అందరు నీ తీరుగ ఉంటే ఈ రోజుకూ అంబాసిడర్లల్లనే తిరుగుదుము. మారుతి 2018-19ల దేశంల అమ్ముడైన కార్లల్ల సగానికి మించి అమ్మింది. ఇప్పుడు నూటికి నలభై చుట్టు తిరుగుతున్నది. ఎందుకు? నాలాంటోళ్లు మారిన్రు. కియా అంటే మనకు తెలుసా? 2019 ఆగస్టుల సెల్టాస్ తెచ్చిన్రు, పెనుకొండ ఫ్యాక్టరీ కెల్లి. చూస్తుండంగనే మన రోడ్లన్నీ అవే అయినయి. 2005ల టాటా ఏస్ వచ్చినప్పుడు దాన్ని కొన్నోడు ఎంత ధైర్యం చేసిండు! అంత చిన్న లారీ అంతకుముందు మనం చూడలే. వాడు కొనకుంటే నీ పువ్వులు ఇంకా మూడు చక్రాల ట్రాలీల ఊగుకుంట పోయేటియి.

మామ: ఏస్ కొన్నోడు ధైర్యం చేసిండు, కాదనను. కానీ ఏం చూసి చేసిండు? టాటా పేరు చూసి. మా నాయినోళ్లు "బెంజి లారీ" అనేటోళ్లు. 1954 నుంచి పదిహేనేండ్లు టాటా, జర్మనీ బెంజ్ కలిసి చేసిన లారీలవి. బెంజ్ గుర్తు పోయినంక కూడ లారీ అంటే టాటానే అన్నరు. కియా అంటున్నవ్, దాని వెనుక హ్యుందాయ్ ఉన్నదని షోరూమోడే ముందుగాల చెప్తడు. 1998ల శాంత్రో తెచ్చిన హ్యుందాయ్ లేకుంటే కియాను అంత జల్ది నమ్మేటోళ్లా? కొత్తోడు వచ్చినప్పుడల్లా ఏదో ఒక పాత పేరు వెనుక నిలబడే వస్తున్నడు అల్లుడా.

అల్లుడు: మరి మా మొయినాబాద్ల తెల్ల ఫార్చ్యూనర్లు?

మామ: అది నమ్మకం ముచ్చట కాదు, భూమి ముచ్చట.

ఈ మాట వెనుక ఒక జీవో ఉంది. 1996లో వచ్చిన జీవో 111, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. మొయినాబాద్ మండలం చాలావరకు అందులోనిదే. ఫ్యాక్టరీలు రాలేదు, పూల తోటలూ ఫాంహౌస్‌లూ పెరిగాయి. ఎత్తేస్తారనే మాట వినబడినప్పుడల్లా ధరలు లేచాయి. ఎకరం అమ్మినవాడు ఇల్లు కట్టే ముందు కారు కొన్నాడు. ఆ కారు ఏదో ఊరంతా ముందే చెప్పగలదు. దాన్ని బ్రాండు మీద విధేయత అనడం నాకు ఇష్టం లేదు. పక్కవాడి గేటు ముందు ఏముందో మన గేటు ముందూ అదే ఉండాలన్న పట్టుదలకు వేరే పేరుంది. కొని చిలుకూరు బాలాజీ గుడి దాకా తెచ్చి నిమ్మకాయలు తొక్కించాక, దానితో చేసే పనేమిటని అడిగితే జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

అల్లుడు: ఒక మాట చెప్త, కోపం తెచ్చుకోకు. 2025 నవంబర్ 3న మన రోడ్డు మీదనే మీర్జాగూడ కాడ కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దిన రోజు యాదికున్నదా?

మామ: మర్చిపోయే రోజా అది?

అల్లుడు: ఆ టిప్పర్ ఏ కంపెనీదని ఎవడన్నా అడిగిండా? లోడెంత, స్పీడెంత, రోడ్డు ఎప్పుడు వెడల్పు చేస్తరని అడిగిన్రు. మనం గంట సేపటి నుంచి కంపెనీ, కంపెనీ అని కొట్లాడుతున్నం. పానం మీదికి వచ్చినప్పుడు అది ఆఖరి ముచ్చట. నువ్వు నీ బండికి కమాన్ కట్టల ఒక పట్టీ ఎక్కువ వేయించినవా లేదా?

మామ: వేయించిన. పువ్వులకు కాదు, పువ్వుకు బరువేడిది? వాపసు వచ్చేటప్పుడు దాణా బస్తాలు, టమాట సీజన్ల టమాట.

అల్లుడు: పాసింగ్ కంటే ఎక్కువ వేసినప్పుడు ఏ పేరైనా ఒక్కటే.

మామ: ఆ పట్టీ తీపిచ్చేస్త. ఈ ముచ్చట ఇంట్ల చెప్పకు.

అల్లుడు: ఇంకోటి. 2020 ఏప్రిల్ల బీఎస్-6 పొగ రూల్స్ వచ్చినంక నీ మెకానిక్ చెవుల కాలం అయిపోయింది. పెద్ద లారీలకు డీజిల్‌తోటి పాటు యూరియా నీళ్లు పోయాలె. డ్యాష్‌బోర్డుల పసుపు లైటు వెలిగితే ల్యాప్‌టాప్ పెట్టి చూడాలె. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరి దగ్గరుంటది? కంపెనీ సర్వీస్ సెంటర్ల. ఇదివరకు నీ ఇష్టంతోటి ఉన్నవ్. ఇప్పుడు వాళ్లు పట్టి ఉంచుతున్నరు.

మామ: మెకానిక్ కొడుకు ఒక స్కానర్ కొన్నడు. కోడ్ చెప్తది గానీ అన్ని పనులు చేయనియ్యది. నువ్వు చెప్పింది వాస్తవమే. నాకు నచ్చి ఉండుడు వేరు, పోవుడుకు తొవ్వ లేక ఉండుడు వేరు.

అల్లుడు: కరెంటు బండ్లు వస్తే ఏం చేస్తవ్? 2024 నవంబర్ నుంచి మన సర్కారు వాటికి రోడ్డు టాక్స్ కూడ తీసేసింది. ఇంజినే లేనప్పుడు నువ్వు నమ్ముకున్న చప్పుడేడుంటది?

మామ: గప్పుడు మళ్లీ మొదటికెల్లి చూస్త. బ్యాటరీ పోతే చేవెళ్లల ఎవడు చేస్తడు, ఎన్ని గంటలల్ల చేస్తడు? జవాబిచ్చినోడి బండి కొంట, ఏ పేరైనా సరే.

అల్లుడు: అట్ల అన్నవ్ చూడు, నువ్వు నా పార్టీలకు వచ్చినట్టే. ఆఖరి ముచ్చట. ఇన్నేండ్లు అవే బండ్లు కొన్నవ్ గదా, నీకు కంపెనీ ఏమిచ్చింది?

మామ: క్యాలెండర్ ఇస్తరు. పోయినసారి తాళంచెవి చేతుల పెట్టి ఫొటో తీసిన్రు, శాలువా కప్పిన్రు.

అల్లుడు: నేను ఎర్టిగా కొనేముందు పక్క షోరూంల కొటేషన్ తీసుకపోయి వీళ్ల టేబుల్ మీద పెట్టిన. ధర దిగింది, పైకెల్లి సీటు కవర్లు, మ్యాట్లు. నువ్వు వేరే దిక్కు పోవని వాళ్లకు ముందే తెలుసు. పోనోడికి ఎవడు తగ్గిస్తడు మామా? తగ్గింపంతా పోయేటోడిని ఆపెతందుకే.

మామ: నేను ఆడ నోరు తెరిచి ఒక్క రూపాయి తగ్గియ్యమని ఎన్నడు అడగలే. తెలిసినోళ్లు గదా అని.

నా తీర్పు చెప్పాలంటే, సరుకు బండి విషయంలో నేను మామ పక్షం. బండి ఒక్క రాత్రి ఆగితే పోయేది ఆ రాత్రి కిరాయి ఒక్కటే కాదు, ఊరి పూలు. అక్కడ మెకానిక్, సామాను దొరికే దుకాణం, పాత బండికి ధర ఇచ్చే కొనుగోలుదారు, ఈ మూడూ ఎక్కడుంటే అదే మంచి కంపెనీ. సొంత కారు విషయంలో అల్లుడి లెక్కే నయం. అక్కడ ఆగితే క్యాబ్ పిలుచుకోవచ్చు. కానీ బేరం దగ్గర మాత్రం మామ నిలువునా నష్టపోయాడు. కట్టుబడినవాడికి విలువ ఉందని కంపెనీలకు తెలుసు, అందుకే చాలా కంపెనీలు అప్పుడప్పుడు లాయల్టీ బోనస్ పేరుతో కొంత తగ్గింపు పెడతాయి. కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రవాడు దాని సంగతి తనంత తాను ఎత్తడు. కాబట్టి అదే కంపెనీ బండి మళ్లీ కొనబోతున్నవాళ్లు మీ పాత బండి ఆర్‌సీ జిరాక్స్ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లండి. పక్క కంపెనీ కొటేషన్ కూడా ఒకటి తీసుకెళ్లండి. అడ్వాన్స్ కట్టకముందే లాయల్టీ బోనస్ ఎంత అని అడగండి, ఒప్పుకున్న మొత్తం కొటేషన్ మీద రాయించుకోండి.